గోల్ఫు కర్ర విసరుటయందు వేగ మెట్లు పుట్టును?

గోల్ఫు స్కాట్లండు దేశీయులు మిగుల ప్రీతితో పెంచి లోకమున కొసగిన ఆట. ప్రజలు విలువిద్య నభ్యసింపక దీనియందే కాలము పుచ్చుచున్నారని 1457వ సంవత్సరమున ఆ దేశపు పార్లమెంటు దీనిని నిషేధించుచు శాసనము చేసెననిన, దీని ఆకర్షణ మెంతటిదో ఊహింపవచ్చును. కలకత్తా నగరమున 1829లో స్థాపింపబడిన రాయల్ కలకత్తా గోల్ఫు క్లబ్బు బ్రిటిషు ద్వీపములకు వెలుపలనున్న గోల్ఫు సంఘములలో నెల్ల ప్రాచీనమైనదిగా పేర్కొనబడుచున్నది. తెలుగునాట హైదరాబాదునందు గోల్కొండ కోట చెంతను, విశాఖపట్టణమందును ఈ ఆటకు మైదానములు కలవు.

ఆట స్వరూపము సులభమే. ఒక చిన్న బంతిని కర్రతో కొట్టుచు, దూరముననున్న గుంటలో పడవేయవలయును. ఇట్టి గుంటలు పదునెనిమిది. అన్నిటిని ఎవడు తక్కువ దెబ్బలలో ముగించునో వాడు గెలిచినవాడు. బంతి 45.93 గ్రాములకు మించరాదు. దాని వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఇంత చిన్న బంతిని మంచి ఆటగాడు ఒక్క దెబ్బతో రెండువందల మీటర్లకు పైగా పంపును.

ఇచట ఒక వింత కలదు. కండలు తిరిగిన యువకుడు మొదటిసారి కర్ర చేతబట్టి, పండ్లు బిగించి, ఒడలిలోని బలమంతయు చేతులలోనికి తెచ్చి కొట్టును. బంతి కొంతదూరము దొర్లి నిలిచిపోవును. ప్రక్కనే బక్కపలుచని ముదుసలి ఒకడు, ఏదో ఆడుకొనుచున్నట్లు, తొందరలేక కర్రను విసరును. అతని బంతి ఆకాశమున కెగసి యువకుని బంతిని దాటి దూరముగా పడును. బలవంతుడు ఓడుటకును, దుర్బలుడు గెలుచుటకును కారణ మేమి? దీనికి సమాధానము తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము. ఈ ఆటలో కొట్టు సాధనమును ఆటగాండ్రు క్లబ్బు అందురు. సంఘమునకును అదే పేరగుటచే, భ్రాంతి కలుగకుండ నేనిచట దానిని కర్ర అనియు, దాని కొననున్న బరువైన భాగమును కర్రతల అనియు వ్రాయుదును.

1. వేగమే ఏల ప్రధానము?

చలించు వస్తువునందలి గతిశక్తి దాని ద్రవ్యరాశిని, వేగముయొక్క వర్గమును అనుసరించి యుండునని పదార్థవిజ్ఞానమున చదివియున్నారు. కర్రతల బరువును రెట్టింపు చేసినచో శక్తి రెట్టింపగును. వేగమును రెట్టింపు చేసినచో శక్తి నాలుగింతలగును. దూరము కోరువాడు వేగమును వెదకుట యందువలననే.

డ్రైవరు అను పొడవైన కర్రయొక్క తల సుమారు 200 గ్రాముల బరువుండును. మంచి అలవాటుగల ఆటగాని చేతిలో అది సెకనుకు 45 మీటర్ల వేగముతో బంతిని తాకును. వృత్తిగా ఆడు పురుషులలో పెక్కండ్రు 50 మీటర్లను దాటుదురు. కర్రతల బంతికంటె నాలుగింతలకు పైగా బరువైనది; బంతి మిక్కిలి సాగుడుగుణము గలది. అందుచే నడుమభాగమున చక్కగా తాకినపుడు బంతి కర్రతల వేగమునకు సుమారు ఒకటిన్నర రెట్ల వేగముతో బయలుదేరును.

తాకిడి నిలుచు కాల మెంతయో తెలియునా? సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ కాలములో కర్రతల రెండు సెంటీమీటర్లకు కొంచె మెక్కువగా జరుగును. కన్ను చూచినదానికి చేయి బదులు చేయుటకు సెకనులో పదవవంతుకంటె ఎక్కువ కాలము పట్టును. కావున బంతి తగిలిన క్షణమున “ఇప్పుడు త్రోయుదును” అని బలము ప్రయోగింపబోవువానికి, ఆ బలము చేరునప్పటికే బంతి వెడలిపోయియుండును. కావలసిన వేగమంతయు బంతిని చేరకముందే కర్రతలయందు సిద్ధమై యుండవలయును.

మరియొక లెక్క చూడుడు. 200 గ్రాముల తల 45 మీటర్ల వేగముతో పోవుటకు సుమారు 200 జౌళ్ల శక్తి కావలయును. కర్ర పైనుండి క్రిందికి దిగుటకు పట్టు కాలము సుమారు పావు సెకను. పావు సెకనులో 200 జౌళ్లనగా 800 వాట్లు. ఒక అశ్వసామర్థ్యమునకు మించినది. ఇది కర్రతలకు మాత్రమే. చేతులను, మొండెమును త్రిప్పుటకు వ్యయమగునది వేరు. చేతి కండరములు ఒంటరిగా ఈ పని చేయజాలవు. తొడలు, పిరుదులు, వీపు మొదలగు పెద్ద కండరములు కూలిపని చేయవలయును. చేతులు ఆ శక్తిని అందుకొని కర్రకు అందింపవలయును. యువకుడు చేతులనే నమ్మినందున ఓడెను.

2. వడిసెలయు కొరడాయు

పెద్ద భాగములలో పుట్టిన శక్తి చిన్న భాగమునకు ఎట్లు చేరును? మంచెమీద నిలిచి జొన్నచేను కాచు పిల్లవాని వడిసెలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వాడు రాతిని త్రోయడు. పిడికిలి చిన్న వృత్తమున తిరుగును. త్రాటికొననున్న రాయి పెద్ద వృత్తమున తిరుగును. చేయి నెమ్మదిగానే యున్నట్లు కనబడును, కాని విడిచినంతనే రాయి ఈలవేయుచు పోవును. త్రాడు బిగువుగా నున్నంతవరకే పని జరుగును. చేయి మధ్యలో కుదుపు ఇచ్చినచో త్రాడు వదులై రాయి కాలిచెంతనే పడును.

కొరడా ఇంకను స్పష్టమైన నిదర్శనము. పిడిని ముందుకు విసరి ఆపినపుడు, పిడిలోని చలనము త్రాటిలోనికి ప్రాకును. త్రాడు సన్నగిల్లుకొలది వేగము హెచ్చును. కడకు కొన శబ్దవేగమును మించిపోవును. మనకు వినబడు చెళ్లుమను ధ్వని అందువలన పుట్టినదే. పిడి ఆగుట నష్టము కాదు. అది ఆగుచుండుటచేతనే కొనకు వేగము ముట్టుచున్నది.

తరగతిలో చేయదగిన ప్రయోగ మొకటి చెప్పెదను. మూరెడు కర్రలు రెండింటిని కొనలయొద్ద త్రాటితో వదులుగా కట్టుడు. ఒకదాని కొనను చేతబట్టి, రెండవదానిని మడిచి, నెమ్మదిగా విసరుడు. మొదట రెండును మడతగనే కదలును. చేతిలోని కర్ర క్రిందికి వచ్చుకొలది రెండవది తనంతట తాను విచ్చుకొని, మొదటిదానిని దాటి ముందుకు దూకును. దానిని మీరు త్రోయలేదు. తగిన సమయమువరకు అడ్డుపడకుండుటయే మీరు చేసిన పని. గోల్ఫు విసురులో మొదటి కర్ర ఆటగాని చేయి, రెండవది గోల్ఫు కర్ర, కట్టిన త్రాడు మణికట్టు. ఇంగ్లండునందు కాక్రన్, స్టాబ్స్ అనువారు 1968లో ప్రకటించిన గోల్ఫు పరిశోధనగ్రంథము విసురును ఇట్టి రెండు తులాదండముల యంత్రముగనే వివరించినది.

3. వేగము చేతులు మారు వరుస

అమెరికాలో హెరాల్డు ఎడ్జర్టన్ అను ఆచార్యుడు సెకనుకు అనేకమారులు మెరయు దీపము నుపయోగించి, ఒక్క ఫలకముమీదనే విసురంతటిని చిత్రించు విధానమును ప్రసిద్ధికి తెచ్చెను. 1938లో డెన్స్‌మోర్ షూట్ అను ఆటగాని విసురును అట్లు చిత్రించెను. అట్టి చిత్రములలో దీపపు మెరపులు సమానకాలములందే వచ్చును గనుక, రెండు ప్రతిబింబముల నడుమ ఎడ మెక్కువైనచో వేగ మెక్కువయని గ్రహింపవచ్చును. పైనుండి దిగునపుడు కర్రతల ప్రతిబింబములు మొదట దగ్గర దగ్గరగా నుండి, బంతిని సమీపించుకొలది దూరదూరముగా విడిపోవును.

నేడు శరీరమున కమర్చు సూక్ష్మయంత్రములచే ఏ భాగ మెప్పుడు ఎంత వేగముగా తిరుగుచున్నదో కొలుచుచున్నారు. నిపుణుల విసురులందు సాధారణముగా కనబడు వరుస ఇది: మొదట కటిభాగము తన అధికవేగమును పొంది తగ్గనారంభించును, పిమ్మట రొమ్ముభాగము, ఆ పిమ్మట చేతులు, అందరికంటె కడపట కర్ర. ముందున్నది మందగించునపుడు వెనుకనున్నది వేగము నందుకొనును. చేతులు సెకనుకు సుమారు 8 లేక 10 మీటర్ల వేగముననే యుండగా, కర్రతల దానికి నాలుగైదింతల వేగమును పొందును.

ఇప్పుడు యువకుని దోషము తేటపడును. అతడు కర్రను పైకెత్తిన తక్షణమే భుజములతోను మణికట్లతోను బలముగా క్రిందికి మోదెను. మణికట్టునందలి మడత పైననే విచ్చుకొనెను. కర్రతల బంతికి ఎంతో ముందుగనే తన అధికవేగమును పొంది, బంతిని చేరునప్పటికి అలసెను. అతడు బలమును ఖర్చుచేయకపోలేదు. వేళకాని వేళ ఖర్చుచేసెను.

4. ఒంటికాలి ఆటగాని కథ

ఈ సూత్రమును తన శరీరముమీదనే పరీక్షించుకొనవలసివచ్చినవా డొకడు కలడు. ఎర్నెస్టు జోన్సు అను ఆంగ్లేయుడు 1887లో జన్మించి, చిజిల్‌హర్‌స్టు గోల్ఫు క్లబ్బునందు వృత్తిశిక్షకుడుగా నుండెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై ఫ్రాన్సునకు పోయి, 1916లో తీవ్రముగా గాయపడెను. వైద్యులు అతని కుడికాలిని మోకాలి క్రిందుగా తీసివేయవలసివచ్చెను. గోల్ఫు నేర్పి జీవించువానికి కాలు పోవుట జీవనోపాధియే పోవుట.

కొన్ని నెలలలోనే, ఊతకర్రలతో నడచుచు, అతడు రాయల్ నార్విచ్ మైదానమునకు పోయెను. ప్రతి దెబ్బకును ఒంటికాలిపై నిలిచి, పదునెనిమిది గుంటలను 83 దెబ్బలలో ముగించెను. రెండు కాళ్లుండి వినోదార్థ మాడువారిలో పెక్కుమంది 90 దెబ్బలలోపల ముగింపజాలరని తెలిసినవారికి ఈ సంఖ్యయొక్క విలువ బోధపడును.

అప్పటివరకు శిక్షకులు కాలిట్లు వంచుము, మోచేయి ఇట్లుంచుము, తల కదల్పకుము అని అవయవములను వేరువేరుగా దిద్దుచుండిరి. ఒక అవయవమే లేకపోయినను విసురు నిలిచియున్నదని జోన్సు తెలిసికొనెను. కర్రతలను విసరుటయే మనస్సునందుంచుకొనవలసిన తలంపనియు, అవయవములు దాని ననుసరించుననియు అతడు బోధించెను. చేతిరుమాలు కొనకు చిన్న చాకును కట్టి, ఆ గుడ్డను త్రిప్పి చూపుట అతని ప్రసిద్ధమైన పాఠము. నిజముగా విసరినపుడు గుడ్డ బిగువై చాకు వృత్తము గీయును. త్రోసినపుడు గాని కుదిపినపుడు గాని గుడ్డ ముడుచుకొనును. మన వడిసెలయు ఇదే చెప్పుచున్నది.

అతడు 1924లో అమెరికాకు పోయి లాంగ్ ఐలండునందలి స్త్రీల గోల్ఫు క్లబ్బున శిక్షకుడయ్యెను. తరువాత న్యూయార్కు నగరమున ఒక భవనములోని గదిలో, బంతి పోయి పడు చోటు కనబడకుండగనే, పాఠములు చెప్పెను. అతని శిష్యురాలు వర్జీనియా వాన్ వై 1932, 1933, 1934 సంవత్సరములలో వరుసగా అమెరికా స్త్రీల అమెచ్యూరు విజేతృత్వమును పొందెను. జోన్సు 1965లో మరణించెను.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. నేటి కొలతలు వేగము కాళ్లనుండియు కటినుండియు పుట్టునని చెప్పుచుండగా, జోన్సు కర్రతలనే తలంపుమనుట విరుద్ధము కాదా? విరుద్ధము కాదు. యంత్రము కొలిచి చెప్పునది ఒకటి, విసరువాని మనస్సులో నుండవలసినది మరియొకటి. నడచు పసివానికి ఏ కండర మెప్పుడు బిగియవలెనో మనము చెప్పము, అమ్మయొద్దకు రమ్మందుము. అడుగులు తామే అమరును. ఐనను కటి ముందుగా కదలని అభ్యాసికి ఆ వరుసను కొన్నాళ్లు ప్రత్యేకముగా నేర్పుట యుక్తమే. అది అలవడిన పిమ్మట దానిని మరచి, కర్రతలనే విసరవలయును. బలము అక్కరలేదనియు తలంపకుడు. వరుస తెలిసిన ఇద్దరిలో బలవంతుడే దూరము కొట్టును. వరుస తెలియనివాని బలము వృథా.

5. పట్టును గూర్చి

తొలుత దిద్దవలసినది పట్టు. వేళ్లు కర్రను అదిమి పట్టినచో మణికట్టు బిగియును, మోచేయి బిగియును, భుజము బిగియును. మన ప్రయోగములోని త్రాడు మేకైపోవును. అట్లని జారవిడువరాదు. పిచ్చుకపిల్లను ఎగిరిపోనీయక, నలిగిపోనీయక పట్టుకొనునట్లు పట్టవలయును. బంతిని చేరునపుడు కర్రతల వెలుపలికి లాగు బలము 20 కిలోల బరువుకు మించియుండును. ఆ సమయమున వేళ్లు తమంతట తామే తగినంత బిగియును. మొదటనే బిగించుట వలన కలుగు లాభము లేదు.

6. అభ్యాసములు

గోల్ఫు కర్ర లేనివారును వీనిలో మొదటి మూడింటిని వెదురు బెత్తముతోనో తువ్వాలుతోనో చేయవచ్చును. కుడిచేతివాటము వారి ననుసరించి వ్రాయుచున్నాను, ఎడమచేతివాటమువారు మార్చుకొనవలయును.

మొదటిది: తువ్వాలు కొనను ముడివేసి, రెండవ కొనను రెండు చేతులతో పట్టి, వెనుకకును ముందునకును ఊయలవలె ఊపుడు. ముడి ఎచటను ముడుచుకొని పడిపోకుండ, తువ్వాలు ఎల్లప్పుడు సాగియుండవలయును.

రెండవది: బెత్తమును, లేక తలక్రిందులుగా పట్టిన గోల్ఫు కర్రను విసరి, గాలిలో పుట్టు ధ్వనిని వినుడు. ధ్వని కుడిభుజము ప్రక్కనే పెద్దదైనచో వేగమును ముందుగా ఖర్చుచేసితిరి. బంతి యుండవలసిన చోటను, దానికి కొంచెము అవ్వలను పెద్దధ్వని వినబడువరకు అభ్యసింపుడు. ఈ పరీక్షకు గురువు అక్కరలేదు, చెవియే గురువు.

మూడవది: కాలపరిమాణము. పలువురు నిపుణుల విసురులలో కర్ర పైకి పోవు కాలము, బంతివరకు దిగు కాలమునకు సుమారు మూడింతలుండును. “ఒకటి, రెండు, మూడు” అనుచు సమముగా కర్ర నెత్తి, “నాలుగు” అనునపుడు విసరుడు. పైన కంగారుపడు అలవాటు దీనిచే మానును.

నాలుగవది: పాదములు రెండును చేర్చి నిలిచి, సగము బలముతో బంతిని కొట్టుడు. భుజములతో మోదువాడు తూలిపోవును, విసరువాడు నిలుచును.

అయిదవది: పాదములు చేర్చియే ఆరంభించి, కర్ర ఇంకను పైకి పోవుచుండగనే ఎడమపాదమును గురివైపు ఒక అడుగు వేసి, ఆపైన విసరుడు. కటి ముందుగా కదలుట ఎట్టిదో శరీరమునకు తెలియును. క్రికెట్టు బంతిని దూరమునుండి విసరువాడు అడుగు ముందు వేసి చేయి తరువాత తెచ్చుటయు ఇట్టిదే.

ప్రతి విసురు చివరను రొమ్ము గురివైపు తిరిగి, భారము ఎడమపాదముమీద నిలిచి, బంతి నేల పడువరకు కదలక నిలువగలుగుట విసురు సరిగా జరిగెననుటకు గుర్తు.

7. జాగ్రత్తలు

కర్ర విసరునపుడు ప్రక్కలను, వెనుకను ఎవరును లేరని చూచుకొనవలయును. పైన చెప్పిన వేగముగల కర్రతలగాని బంతిగాని తగిలినచో ప్రాణాపాయమే. మొదటనే పూర్ణవేగమునకు పోక, ఒడలు వెచ్చబడువరకు నెమ్మదిగా ఆడవలయును. గోల్ఫు ఆడువారికి కలుగు బాధలలో నడుమునొప్పి ముఖ్యమైనది. బిగించి మెలిపెట్టు విసురు దానిని హెచ్చించును. బాలురకు బాలుర పొడవునకు తగిన కర్రలనే ఇయ్యవలయును. వేగమును వెదకుచు బంతిని కర్రతల నడుమ తాకుటను మరువరాదు. అంచున తగిలిన అధికవేగముకంటె నడుమ తగిలిన మితవేగము తరచుగా ఎక్కువ దూరము పోవును.

నేర్చువాడు బంతి దూరము పోలేదని చింతించి, మరుసటి దెబ్బకు మరింత బిగించుట సహజము. అట్టి సమయమున చేయవలసినది దీనికి విరుద్ధము. పట్టు సడలించి, లెక్కపెట్టి, కర్రతలను దాని వేళకు పోనీయవలయును. యువకునికి లేక ముదుసలికి కలిగినది ఈ ఓర్పే.

ప్రశ్నలు

1. కర్రతల బరువును పెంచుటకంటె వేగమును పెంచుట ఏల మేలు?
2. బంతి తగిలిన క్షణమున త్రోయుట ఏల వ్యర్థము?
3. విసురులో కటి, రొమ్ము, చేతులు, కర్ర ఏ వరుసగా అధికవేగమును పొందును?
4. చేతిరుమాలును చాకును చూపి ఎర్నెస్టు జోన్సు ఏమి బోధించెను?
5. మీ ఊరి ఆటలలోను పనులలోను ఇట్లు వేగము ఒక భాగమునుండి మరియొక భాగమునకు మారు నిదర్శనములు రెండు కనిపెట్టి, వానిలో త్రాటివలె వదులుగా నుండవలసిన భాగ మేదియో వ్రాయుడు.